చుక్క పెట్టిన గొర్రె

ఆ ఆదివారం జంగయ్య పంతులు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే సూర్యాపేటలో మొదటి బస్సు ఎక్కాలి. కోదాడ ఇవతల దిగి, అక్కడి మెట్ట చెలకల్లో మంద పెట్టుకుని ఉన్న అన్న రామలింగయ్యను కలవాలి. గొర్రె పుట్టింది మొదలు ముసలిదయ్యేదాకా ఏ వయసులో దాన్ని ఏమని పిలుస్తారో అడిగి రాసుకోవాలి. జేబులో ఉన్న కార్డును కోదాడలో పోస్టు డబ్బాలో వేసి, సాయంత్రం బస్సుకు ఇల్లు చేరాలి.

"గొర్రెను గొర్రె అంటరు. గది అడగనీకి బస్సెక్కి పోవాల్నా?" అంది భార్య అలివేలు, సద్దిమూట చేతికిస్తూ.

"నీకు తెల్వదే. గొర్రె చాన పాత మాట."

"పాత గొర్రెను ఎవలు కొంటరు?" అనేసి ఆమె లోపలికి వెళ్లిపోయింది.

అది పందొమ్మిది వందల నలభై తొమ్మిది ఎండాకాలం. పోలీసు చర్య జరిగి ఎనిమిది నెలలైంది. నిజాం ప్రభుత్వం పోయి సైనిక ప్రభుత్వం వచ్చింది. కమ్యూనిస్టు దళాల కోసం ఊరూరా క్యాంపులు పెట్టి, అడవులూ చెలకలూ జల్లెడ పడుతున్నారు. ఎర్ర రంగు గుడ్డ ఆరేసుకోవడానికి కూడా జనం భయపడుతున్న రోజులు. జంగయ్య ఇవన్నీ ఎరిగినవాడే. అయితే ఆయన మనసు ఆ ఎనిమిది నెలల మీద లేదు. ఐదారు వేల ఏళ్ల వెనక ఉంది.

గొర్రెలు కాసే ఇంట్లో చదువుకున్న మొదటి మనిషి జంగయ్య. ఉర్దూలో పరీక్షలు ప్యాసై, తెలుగు సొంతంగా, ఇంగ్లీషు పట్టుదలతో నేర్చుకున్నాడు. హైదరాబాదులో పాత పుస్తకాల అంగట్లో, అట్టా మొదటి పేజీలూ పోయిన ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. సంస్కృతం, లాటిన్, గ్రీకు, రష్యన్, ఇంగ్లీషు ఒకప్పుడు ఒకే భాష అనీ, ఆ తల్లిభాష ఎక్కడా రాతలో మిగలలేదనీ, పిల్లభాషల్లోని మాటల్ని పక్కపక్కన పెట్టి చూస్తే తల్లిభాషలోని మాటను తిరిగి కట్టవచ్చుననీ అందులో ఉంది. అది చదివిన రాత్రి జంగయ్యకు జ్వరం వచ్చినంత పనైంది. మర్నాడు బడిలో ఆ సంగతి చెబితే పెద్దపంతులు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"గొర్లు కాసేటోళ్ల పిల్లగానికి లాటిన్ ఎందుకయ్యా? జీవాలకు పాఠం చెప్తవా?"

జంగయ్య ఆ రోజే నిశ్చయించుకున్నాడు, రాస్తే గొర్రె గురించే రాయాలని. మద్రాసు మాసపత్రికకు వ్యాసం పంపాలి. మిర్యాలగూడలో ఉన్న స్నేహితుడు ప్రభాకర్ దానికి శుద్ధప్రతి రాసిపెడతానన్నాడు. ప్రభాకర్ వంద ఎకరాల ఆసామి కొడుకు, సంస్కృతం చదివినవాడు, జంగయ్య ఏమన్నా కాదనడం అతని అలవాటు. అతనికి రాసిందే జేబులో ఉన్న కార్డు.

"ప్రభాకర్, మూలం దొరికింది. *ఓవిస్. వేదంలో అవి ఉంది. లాటిన్‌లో ఓవిస్. లిథువేనియాలో నేటికీ అవిస్. రష్యాలో ఓవ్‌త్సా అయి తిరుగుతోంది. ఇంగ్లీషువాళ్ల దగ్గర ఆడది ఒక్కటే మిగిలింది. ఓవిస్‌ను ఎవరూ కళ్లతో చూడలేదు గనుక చుక్క మాత్రం మరవకు. వచ్చే ఆదివారం కోదాడకు రా. మా అన్న మందంతా అక్కడే ఉంటుంది."

ఎక్కడా రాతలో దొరకని, ఊహించి కట్టిన మాట ముందు చుక్క పెట్టడం ఆ శాస్త్రంలో నియమం. ఆ చుక్కను జంగయ్య అయిదు మొనలతో చక్కగా దిద్దాడు. పిల్లల తప్పులు దిద్దే సిరాబుడ్డి పక్కనే ఉండడంతో, ఎర్ర సిరాతో దిద్దాడు.

బస్సును కోదాడకు రెండు మైళ్ల ఇవతల ఒక పోలీసు నాకా దగ్గర ఆపారు. అందర్నీ దింపి సోదా చేశారు. జమేదారు ఫకీరా జంగయ్య జేబులోంచి కార్డు తీశాడు. ఫకీరాకు తెలుగు చదవడం రాదు. ఆ అవసరమూ రాలేదు.

"ఏంది పంతులూ ఇది?"

"కార్డు."

"కార్డేనయ్యా. గీ లాల్ సితారా, గీ ఎర్రచుక్క ఏంది?"

"గది గొర్రె ముంగట పెట్టిన చుక్క," అన్నాడు జంగయ్య.

ఫకీరా ఇంకేమీ అడగలేదు. ఇద్దరు జవాన్లు చెరో రెక్కా పట్టుకుని జంగయ్యను చెట్ల చాటున ఉన్న క్యాంపులోకి నడిపించారు. సద్దిమూటను దూరంగా పెట్టి, అందులో ఏముందో కర్రతో కదిపి చూశారు.

క్యాంపు అధికారి సబ్ఇన్‌స్పెక్టర్ భీమేశ్వరరావు గోదావరి వైపు మనిషి. ఈ ప్రాంతానికి వచ్చి నాలుగు నెలలే అయింది. తండ్రి వ్యాకరణ పండితుడు కావడంతో, నేరం కన్నా వ్యాకరణదోషం ఆయనకు ముందు కనబడుతుంది. కార్డును రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశాడు.

"ఏవండీ పంతులుగారూ, 'వేదంలో అవి ఉంది' అన్నారు. అవి ఉన్నాయి అనాలి గదండీ? మూడో తరగతి కుర్రాడు చెయ్యని తప్పు మీరు చేశారంటే కావాలనే చేశారు. అవి అంటే ఏవిటి?"

"అవి అంటే గొర్రె సార్."

"ఓహో. మరి ఇవి అంటే?"

"ఇవి అంటే ఇవే సార్."

భీమేశ్వరరావు ఫకీరా వైపు అర్థవంతంగా చూశాడు. ఫకీరా కూడా అలాగే చూశాడు.

"సరేనండి. రష్యాలో తిరుగుతున్నదెవరు?"

"గది గూడ గొర్రెనే."

"ఇంగ్లీషువాళ్ల దగ్గర మిగిలిన ఆడమనిషి పేరేవిటి?"

"మనిషి కాదు సార్, ఆడగొర్రె. యూ."

"ఎవరు, నేనా?" భీమేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు.

"మీరు కాదు సార్. ఇంగ్లీషుల ఆడగొర్రెను యూ అంటరు."

"నాకు ఇంగ్లీషు వచ్చునండీ! యూ అంటే నువ్వు!"

ఆ తర్వాత జంగయ్య ఎంత చెప్పినా ఆయన చెవికి ఎక్కలేదు. మంద అంటే దళమనీ, అన్న అంటే దళనాయకుడి కుడిభుజమనీ, 'అవి' అంటే తుపాకులనీ తేల్చుకున్నాడు. ఇక ఎవరూ కళ్లతో చూడని ఆ ఓవిస్ ఎవరో చెప్పనక్కరలేదు. ఎర్రచుక్క అతని పేరు మీదనే ఉంది. వెంటనే పై అధికారికి వైర్‌లెస్ వెళ్లింది: రష్యాతో సంబంధమున్న ఓవిస్ అనే మారుపేరు గల నాయకుడి ఆచూకీ దొరికింది, వివరాలు వెనక వస్తాయి.

మధ్యాహ్నానికి ఫకీరా పదిమంది జవాన్లతో రామలింగయ్య మందను చుట్టుముట్టాడు. మంద లక్ష్మీకాంతమ్మ అనే పెద్దరైతు చెలకలో ఉంది. ఎరువు కోసం ఆమే పిలిపించి అక్కడ పెట్టించింది. తుపాకులు ఎక్కడ పాతిపెట్టారని అడిగితే రామలింగయ్య తెలియదని దండం పెట్టాడు. దాంతో చెలకంతా తవ్వడం మొదలుపెట్టారు. తలా ఒక పలుగు పట్టుకుని ఎండలో రెండు గంటలు మోకాలి లోతు తవ్వినా గొర్రె పెంటికలు తప్ప ఏమీ రాలేదు. గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడి చూస్తున్న లక్ష్మీకాంతమ్మ అడ్డుపడలేదు సరికదా, మజ్జిగ పంపించింది.

"ఆ మూలకు గూడ తవ్వున్రయ్యా. గాడ గట్టిగ ఉంటది, నాగలి దిగుతలేదు," అంది. కాసేపటికి, "రేపు కాల్వ పక్క చెలకకు వస్తరా?" అని కూడా అడిగింది.

చివరికి రామలింగయ్యనూ, అతని భార్య మణెమ్మనూ, ఎనభై జీవాలనూ సాక్ష్యం కింద క్యాంపుకు తోలుకొచ్చారు. క్యాంపు ముళ్లకంచె నలభై మంది జవాన్ల కోసం వేసింది. ఎనభై గొర్రెలు చేరేసరికి జవాన్లు కంచె బయట నిలబడవలసి వచ్చింది. పొద్దు వాలేలోగా జీవాలు వంటపాక మీది వరిగడ్డి కప్పును ఒక వైపు పూర్తిగా తినేశాయి.

"తమ్మీ, ఏం చేసినవ్ రా?" అన్నాడు రామలింగయ్య.

"గొర్రె గురించి రాసిన అన్నా."

"ఏం రాసినవ్?"

"పాత మాట అని."

రామలింగయ్య తల పట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు పది గంటలకు మిర్యాలగూడ నుంచి జీపులో ప్రభాకర్‌ను తెచ్చారు. ఇస్త్రీ చొక్కా నలిగిపోయి, ముఖం పాలిపోయి ఉంది. ఇతగాడు నెమ్మదస్తుడు, పెద్ద కుటుంబం, నిజం చెప్పేస్తాడని భీమేశ్వరరావు ఆశపడ్డాడు. కార్డు అతని చేతికిచ్చి అడిగాడు.

"చూడండీ, ఇందులో ఉన్నది నిజమేనా?"

ప్రభాకర్ కార్డు చదివాడు. పాలిపోయిన ముఖంలోకి రక్తం వచ్చింది.

"అబద్ధం సార్," అన్నాడు.

భీమేశ్వరరావు కలం తీశాడు. "చెప్పండి, చెప్పండి."

"ఓవిస్ కాదు సార్. అవిస్. సంస్కృతంల అకారమున్నది, లిథువేనియాల అకారమున్నది. రెండు దిక్కుల అ ఉండంగ, మూలంల ఓ ఎట్లొస్తది? ఈనకు వెయ్యిసార్లు చెప్పిన!"

"నువ్వు వెయ్యిసార్లు చెప్తే ఒకసారి గూడ సరిగ చెప్పలే!" జంగయ్య ఎగిరి లేచాడు. చేతికున్న తాడు పట్టుకున్న జవాను కూడా లేచాడు. "లాటిన్‌ల ఓ, గ్రీకుల ఓ, ఐర్లాండోళ్ల పాత భాషల ఓ! ఓ ను అ చేసుకునే అలవాటు నువ్వు చెప్పిన ఆ రెండింటికీ ఉన్నది. ఎనిమిది అనే మాట సూడు. లాటిన్‌ల ఓక్తో, మనకు అష్ట!"

"వేదంకన్న లాటిన్ పాతదా?"

"పాతది అన్ననా నేను? ఎవలు పాత అని గాదు, ఎవలు మార్చిన్రు అని!"

ఇద్దరూ తాము ఎక్కడున్నదీ మరిచిపోయారు. అరగంట సేపు అక్షరాల మీద అరుచుకున్నారు. మొదట భీమేశ్వరరావు ఆ మాటలన్నీ రాసుకున్నాడు. తర్వాత రాయడం మానేసి విన్నాడు. ఒకచోట ఉండబట్టలేక, "ఆ మాటకొస్తే పంతులుగారు చెప్పిందే సబబుగా ఉందండీ," అన్నాడు. ఫకీరా ఆయన వైపు ఆదుర్దాగా చూశాడు. భీమేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. తన ముందున్నది దళం కాదనీ, ఒక మాట కోసం కొట్టుకునే ఇద్దరు పిచ్చివాళ్లనీ ఆయనకు అర్థమైపోయింది. కాని పైకి వైర్‌లెస్ పంపి ఒక రోజు గడిచిపోయింది.

ఇద్దర్నీ కూర్చోబెట్టి, గొంతు తగ్గించి, ఒక తెల్లకాగితం జంగయ్య ముందుకు జరిపాడు.

"ఇదిగో పంతులుగారూ. ఇది గొర్రె గురించిన కార్డు, పొరపాటున నక్షత్రం పడింది, కొట్టేశాను, ఇకముందు పెట్టను అని రాసి సంతకం చెయ్యండి. మీరూ మీ గొర్రెలూ ఇంటికి వెళ్లండి. ఉద్యోగానికి కూడా ఏమీ కాదు. లేదంటే రేపు జిల్లాకు పంపించాల్సి వస్తుంది. ఆ పైన నా చేతుల్లో ఉండదు."

జంగయ్య కాగితం వంక చూశాడు. జిల్లాకు వెళ్లినవాళ్లు ఎప్పుడు తిరిగి వస్తారో ఎవరికీ తెలియని కాలమది. కంచె లోపల జీవాలు నాలుకలు బయటపెట్టి రొప్పుతున్నాయి. నిన్నటి నుంచి వాటికి రెండు కుండల నీళ్లే దొరికాయి.

"పొరపాటున పడలే సార్," అన్నాడు.

"అయితే ఏవిటి? ఒక చుక్కే కదా!"

"ఒక్క చుక్కనే. కాని గది తీస్తే ఓవిస్ అనే మాటను నేను చూసిన అన్నట్టయితది. నేను చూడలే. ఎవ్వలు చూడలే. చూడనిదాన్ని చూసిన అని రాయ."

మణెమ్మ కంచె దగ్గర నుంచి గయ్యిమంది. "ఏం మనిషివయ్యా? గింత చుక్క కోసం ఎనభై జీవాలను ఎండబెడ్తవా? కొట్టేయరాదు!"

"వదినా, జర ఇను. నలుగురు అన్నదమ్ములు వేరే వేరే ఊళ్లల్ల ఉన్నరనుకో. నలుగురికీ ముక్కు ఒక్కతీర్గనే ఉన్నది. వాళ్ల నాయిన సచ్చిపోయిండు, ఫొటో లేదు. నాయిన ముక్కు గూడ గట్లనే ఉండెనని చెప్పొచ్చా లేదా?"

"చెప్పొచ్చు."

"చెప్పొచ్చు. కాని నేను కండ్లతోని చూసిన అనొద్దు. గందుకే చుక్క. ఇది ఒట్టి ముచ్చట గాదు వదినా. రోములున్నోడు, రష్యాలున్నోడు, వేదం చెప్పినోడు, అందరికన్న ముంగట మనసొంటోడు ఎవడో ఒకడు జీవాలెంబడి నడుసుకుంట ఆ మాట అన్నడు. రాజుల పేర్లు మునిగిపోయినయ్. వాడన్న మాట ఇంక బతికున్నది. దాని మీద నాతోని అబద్ధం రాయించుకుంటరా?"

మణెమ్మ కొంగు బిగించింది. ఆ తర్వాత భీమేశ్వరరావు వైపు తిరిగింది.

"మా మరిది రాయడు సారూ. ఏం జేస్కుంటరో చేస్కోన్రి. జీవాలకు మాత్రం నీళ్లు పెట్టున్రి. లేకుంటే నేనే కంచె ఇప్పుత."

భీమేశ్వరరావుకు కోపం వచ్చింది. బల్ల మీదున్న తన రిపోర్టు తీసి ఆడించాడు. "ఇక్కడ నా రిపోర్టు సంగతేవిటి? ఓవిస్ అనే నాయకుడున్నాడని రాశాను. ఇప్పుడు లేడని ఎలా రాయను?"

"మీరు చూసిన్రా ఆయనను?" అన్నాడు జంగయ్య.

"చూడలేదు. ఆధారాల్ని బట్టి ఊహించాను."

"మేము గూడ గంతే సార్. నాలుగు ముక్కలు పక్కపక్కన పెట్టి ఊహిస్తం. కాకుంటే మేము చూడనిదానికి చుక్క పెడతం. మీరు చూడనిదానికి బేడీలేస్తున్నరు."

ఒక గొర్రె తుమ్మింది. ఫకీరా తన బూట్ల వైపు చూసుకున్నాడు. ప్రభాకర్ జీవితంలో మొదటిసారి జంగయ్య మాట కాదనలేదు.

భీమేశ్వరరావు రిపోర్టు కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాడు. వ్యాకరణ పండితుడి కొడుకు. తప్పు ఒకసారి కంటబడ్డాక దిద్దకుండా ఉండలేడు. చివరికి జంగయ్య కార్డును ఎదురుగా పెట్టుకుని, ఎర్ర సిరా తెప్పించి, రిపోర్టులో ఓవిస్ అన్న పేరు ముందు అయిదు మొనలతో ఒక చుక్క దిద్దాడు. 'ఎవరూ చూడలేదు' అని అంచున రాశాడు. జీవాలకు బావి నీళ్లు పెట్టించి, అందర్నీ వదిలిపెట్టాడు. కార్డును ఫకీరాయే స్వయంగా తీసుకెళ్లి కోదాడ డబ్బాలో వేసి వచ్చాడు.

బడి తెరిచిన వారానికి, ఒక సాయంత్రం సూర్యాపేటలో జంగయ్య ఇంటి ముందు జీపు ఆగింది. అలివేలు గబగబా తలుపు గొళ్లెం వేసింది. బయట నుంచి వచ్చినది మాత్రం అధికారి గొంతులా లేదు.

"పంతులుగారూ, నేనండీ, భీమేశ్వరరావుని. కాస్త లోపలికి రావచ్చాండీ?"

టోపీ చేత్తో పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. ప్రభుత్వ కాగితంలో ఎర్రనక్షత్రం ఎందుకు పెట్టావు, నీకు వాళ్లతో ఎప్పటి నుంచి పరిచయమని జిల్లా నుంచి ఆయనకు తాఖీదు వచ్చింది. పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం ఊడుతుంది.

"పొరపాటున పడిందని రాసేద్దామనుకున్నానండీ," అన్నాడు నసుగుతూ. "మీరూ ఒక ముక్క సాక్ష్యం రాసిస్తే…"

"పొరపాటు అంటే నేను రాయ సార్. సరైనదే పెట్టిన అని మీరంటరా, రాత్రంతా కూసోనైన రాస్త."

భీమేశ్వరరావు అరుగు మీంచి వీధిలోకి చూశాడు. నిట్టూర్చాడు. మీసం ఒకసారి సవరించుకున్నాడు.

"సరైనదేనండీ. రాయండి," అన్నాడు.

జంగయ్య మూడు పేజీల సంజాయిషీ రాశాడు. సంస్కృతం, లాటిన్, గ్రీకు, లిథువేనియన్, రష్యన్, ఇంగ్లీషు మాటలకు పట్టిక గీశాడు. చూడనిదాని ముందు చుక్క పెట్టడం నిజాయితీగల ప్రతి శాఖకూ అవసరమని ముగించాడు. భీమేశ్వరరావు దాన్ని ఒక్క అక్షరం మార్చకుండా సంతకం చేసి, కింద 'నేను పెట్టినది సరైనదే' అని తన చేత్తో చేర్చి పైకి పంపాడు. ప్రభాకర్ మాత్రం అవిస్ పక్షాన నాలుగో పేజీ ఒకటి జత చేస్తానని పట్టుబట్టాడు గాని, ఎవరూ ఒప్పుకోలేదు.

మూడు వారాలకు జిల్లా నుంచి జవాబు వచ్చింది. సంజాయిషీ సంతృప్తికరంగా ఉన్నదనీ, ఇక జాప్యం లేకుండా సదరు ఓవిస్‌ను హాజరుపరచవలసిందనీ అందులో ఉంది.